నల్లకోటు మీద మెదడు కాండం

ముప్పై నాలుగేళ్ళు మనిషి లోపలి సరంజామా బొమ్మలు గీసి బతికినవాణ్ణి నేను. గుండె, కాలేయం, మూత్రపిండాలు, పేగులు, ఇలా గోడకి తగిలించి పాఠం చెప్పుకునే చార్టులన్నీ. ఆమధ్య వైద్యం చదివే పిల్లలు నలుగురు బోయిన్‌పల్లిలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, "తాతగారూ, మీరు గీసినవాటిల్లో మీకు బాగా నచ్చింది ఏది?" అని అడిగారు. నచ్చినదాని మాట అటుంచండి, పరమ తప్పుగా గీసినదాని సంగతి చెబుతాను, మీకు అదే ఎక్కువ పనికొస్తుంది అన్నాను. మొహమాటానికి కాబోలు సరేనన్నారు. మొదలుపెట్టాక మాత్రం మా ఆవిడ ఇచ్చిన టీ చల్లారిపోయినా కదల్లేదు. అందుకే ఇక్కడా రాస్తున్నాను.

నిజాం రాజ్యం మీద పోలీస్ యాక్షన్ అయిపోయాక వచ్చిన చలికాలం అది. నాకు ఇరవై రెండేళ్ళు. మా నాన్న సికింద్రాబాద్‌లో మిషన్ స్కూలు టీచరు. నేనూ ఆ స్కూల్లోనే చదివాను. చదువు కంటే అక్షరాల వంపులే బాగున్నాయనిపించి బోర్డులు రాసే పనిలో పడ్డాను. కంటోన్మెంటులో తెల్లదొరల కాలం నుంచీ ఇంగ్లీషు బోర్డులకి గిరాకీ ఉండేది. యాక్షన్ తర్వాత ఉర్దూలో ఉన్న ఆఫీసు బోర్డులన్నీ మారడం మొదలైంది. రాజ్యం మారితే ఎవరికి లాభమో పెద్దవాళ్ళు తేల్చుకోవాలి గానీ, పెయింటర్లకి మాత్రం చేతినిండా పని దొరికింది.

ఊళ్ళో అప్పుడు ఒక చిన్న వైద్య పాఠశాల ఉండేది. ఇప్పుడు లేదు, పేరు అనవసరం. అంతవరకూ అక్కడ పాఠాలన్నీ ఉర్దూలోనే. ఇకమీదట ఇంగ్లీషులో చెప్పాలని హుకుం వచ్చింది. గోడల మీద చార్టులకి ఇంగ్లీషు పేర్లు రాయడానికి నన్ను పెట్టుకున్నారు. నిచ్చెన, రంగుల డబ్బాలు పట్టుకుని శవాలు కోసే గదిలోకి మొదటిసారి అడుగుపెట్టగానే, శవాలు పాడవకుండా వాడే ఫార్మలిన్ ఘాటుకి నా కళ్ళు ధారలు కట్టాయి.

"ఏంది పెయింటర్ సాబ్, మీవోళ్ళు ఎవరన్న ఉన్నరా ఈడ? గట్ల ఏడుస్తున్నవ్?" అన్నారెవరో వెనకనుంచి.

ఆయనే మా ఉస్తాద్. ఆ గదిలో పిల్లలకి శరీరం కోసి చూపించి పాఠం చెప్పే మాస్టారు. యాభై దాటిన మనిషి, నెరిసిన గడ్డం, షేర్వానీ మీద తెల్ల యాప్రన్. వరంగల్ వైపు ఏదో చిన్న ఊళ్ళో పుట్టిన ముస్లిం. ఇంట్లో తెలుగు, క్లాసులో ఉర్దూ. ఇరవై ఏళ్ళుగా అదే గది. ఆయన చిమ్టా, అదే పట్టకారు, పట్టుకుంటే శవాలు కూడా సహకరిస్తాయని పిల్లలు చెప్పుకునేవారు. యాక్షన్ రోజుల్లో ఆయన తమ్ముడు కరాచీ వెళ్ళిపోతూ రమ్మని బతిమాలాడట. "ఆడికి వోయి ఏం జేస్తరా? నా బుర్రలన్నీ గీడనే ఉన్నయి" అన్నాడట ఈయన. గాజు సీసాల్లో ఆయన దాచిన మెదళ్ళు బీరువా నిండా ఉండేవి.

ఆ మెదళ్ళలో కూడా ఆయనకి ఒక్క ముక్క మీదే ప్రాణం. మెదడంటే మనందరికీ పైనున్న ముడతల ముద్దే గుర్తొస్తుంది. దాని కిందనుంచి దిగి వెన్నుపాముగా మారే కాడ ఒకటుంది, మూడంగుళాలు ఉంటుందేమో, బొటనవేలంత లావు. దాన్నే మెదడు కాండం అంటారు. నేను నిచ్చెన మీద పేర్లు రాసుకుంటూ ఉంటే, అడక్కపోయినా ఆయన కింద నిలబడి చెప్పేవారు.

"పైనున్నడే, గాయన నవాబు సాబ్. షాయరీ, లెక్కలు, లడాయిలు అన్నీ ఆయనవే. ఇల్లు నడిపేది మాత్రం గీ కిందోడు. మీది భాగం ఉన్నది సూడు, కన్ను ఎటు తిప్పాల్నో, ఎలుగు వడితే నల్లగుడ్డు నడిమి సందు ఎంత చిన్నగ జెయ్యాల్నో గదంత గాడ. నడుమ ఉబ్బినట్టున్నది పాన్స్, మేం జిస్ర్ అంటం, అంటే వారధి. మొకంల నవ్వు గాన్నుంచి వొస్తది. అట్టడుగుది మెడుల్లా. శ్వాస, గుండె, మింగుడు, దగ్గు, ఎక్కిళ్ళు, అన్నిటి జిమ్మా దానిదే. నవాబు సాబ్ పండుకున్నా ఇల్లు ఆగదు. కిందోడు ఒక్క నిమిషం పండుకున్నడంటే నవాబు లేడు, ఇల్లు లేదు."

నవాబుల గురించి అలా మాట్లాడడానికి అప్పటి ఊళ్ళో చాలామంది అటూ ఇటూ చూసేవాళ్ళు. ఆయన మాత్రం గట్టిగానే అనేవారు, నవ్వుతూనే అనేవారు.

ఆ నవ్వు ఒక రోజు ఆగిపోయింది. ఢిల్లీ నుంచి ఇద్దరు, మద్రాసు నుంచి ఒకరు పెద్ద డాక్టర్లు తనిఖీకి వస్తున్నారని కబురు వచ్చింది. ప్రతి మాస్టారూ వాళ్ళ ముందు అరగంట ఇంగ్లీషులో పాఠం చెప్పాలి. చెప్పగలిగితే మాస్టారుగా ఉంటారు. చెప్పలేకపోతే స్టోరు తాళాలు ఇస్తారు, సీసాలు తుడుచుకుంటూ కూర్చోవాలి. మా ఉస్తాద్‌కి ఇంగ్లీషులో అవయవాల పేర్లు వచ్చు, వాటి మధ్యన వేసే మాటలు రావు.

ఆయనకి ఇంగ్లీషు నేర్పే బాధ్యత పక్కనున్న ఆసుపత్రి పెద్ద నర్సమ్మ నెత్తిన వేసుకుంది. గుంటూరు మిషన్ ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషి, ఆవిడ గొంతు విని వార్డులో రోగులు మందు వేళకి ముందే నోళ్ళు తెరిచేవారు. సిరంజీలు ఉడకబెట్టే గదిలో ఇద్దరికీ రోజూ పాఠం.

"ఏమండీ ఉస్తాదుగారూ, నిన్న చెప్పిందే మళ్ళీ చెప్పండి."

"దిస్ ఈజ్ ద బ్రెయిన్ స్టెమ్. ఇట్ హ్యాజ్ త్రీ పార్ట్స్..." అని ఆయన కళ్ళు మూసుకుని మొదలుపెట్టేవారు. నాలుగో వాక్యం దగ్గర బండి ఆగేది. "సిస్టరమ్మా, జెర ఆగుండ్రి. ఇంగ్లీషుల షురూ జేసుడు అల్కగనే ఉన్నది, ముందుకు వోవుడే పరేషాన్."

చివరికి ఒక ఉపాయం తేల్చారు. మెదడు కాండం చార్టు పెద్దది ఉంటే, దాని మీద పేర్లు పైనుంచి కిందికి వరసగా పెద్ద అక్షరాల్లో ఉంటే, ఒక్కో పేరు దగ్గర కర్ర ఆపి ఆ వాక్యం చెప్పచ్చు. వాక్యం మరిచిపోతే చార్టే గుర్తు చేస్తుంది. అంటే ఆయన ఉద్యోగం నా చార్టు మీద ఆధారపడింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినందుకు నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది కూడా.

మిగతా చార్టులకి పేర్లు మారిస్తే సరిపోయింది. పాత మెదడు కాండం చార్టు మాత్రం గుడ్డ చిరిగి, రంగు పెచ్చులూడి, అసలు బాగుచెయ్యడానికి వీల్లేకుండా ఉంది. కొత్త గుడ్డ మీద మొత్తం తిరిగి గియ్యాలి. పాతది పక్కన పెట్టుకుని గళ్ళు కొట్టి, గడి గడికీ చూసి దించాను. పైన మెదడు నుంచి రెండు ఎర్ర దారులు దిగుతాయి, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. చేతులకీ కాళ్ళకీ కదలమని ఆజ్ఞలు మోసుకెళ్ళే నరాలవి. మెడుల్లా అడుగుకి వచ్చేసరికి పాత చార్టులో అరచేయంత మేర నల్లగా మాసిపోయి ఉంది. దాని కింద మళ్ళీ రెండు దారులూ మామూలుగా ఉన్నాయి. పైన రెండు, కింద రెండు, మధ్యలో మురికి. బోర్డులు రాసేవాడు ఏం చేస్తాడు? స్కేలు పెట్టి కలిపేశాను. కుడిది కుడికి, ఎడమది ఎడమకి, తిన్నగా, అందంగా. గీశాక దూరంగా నిలబడి చూసుకుని నన్ను నేనే మెచ్చుకున్నాను.

బోర్డులు రాసేవాళ్ళలో ఒక పట్టింపు ఉంది. రంగు ఆరి, బోర్డు దాని చోట ఎక్కేదాకా మీద గుడ్డ తియ్యకూడదు. ముందే చూపిస్తే దిష్టి తగులుతుందని నాకు పని నేర్పిన మేస్త్రీ చెప్పేవాడు. మేం క్రైస్తవులం, దిష్టి నమ్మం. పట్టింపు మాత్రం పాటించేవాణ్ణి. ఉస్తాద్ రెండుసార్లు అడిగారు.

"జెర సూపియ్యరాదు పెయింటర్ సాబ్. ఒక్కపారి సూస్త, గంతే."

"ఇంక ఆరలేదు ఉస్తాద్. పేర్ల వరస రాసిచ్చిన గదా, గది సదువుకోండ్రి. రేపు గుడ్డ తీసినంక మీరే ఖుష్ అయితరు."

"ఒకసారి చూపించెయ్యి అబ్బాయ్, ఏం పోతుంది?" అంది నర్సమ్మ కూడా. నేను వినలేదు.

తనిఖీ రోజు వచ్చింది. పెద్ద డాక్టర్లు ముగ్గురూ బేగంపేటలో విమానం దిగి తిన్నగా మా గదికే వచ్చారు. ఢిల్లీ వాళ్ళలో ఒకాయన మిలిటరీ డాక్టరు, మీసాలు చెవులదాకా ఉన్నాయి. మద్రాసాయన సన్నగా, కళ్ళజోడుతో, అన్నీ కాగితం మీద రాసుకునే రకం. వెనక మా ప్రిన్సిపాలు, పిల్లలు, తలుపు దగ్గర నర్సమ్మ. నేను క్రిస్మస్‌కి కుట్టించుకున్న నల్లకోటు వేసుకుని వెళ్ళాను. గుడ్డ తీసే గౌరవం నాదే మరి.

తీశాను. రంగులు మెరిశాయి. ఎవరో "బ్యూటిఫుల్" అన్నారు. నేను వినయంగా తల వంచాను.

ఉస్తాద్ కర్ర పట్టుకుని మొదలుపెట్టారు. మొదటి పేరు, మొదటి వాక్యం. రెండో పేరు, రెండో వాక్యం. నర్సమ్మ తలుపు దగ్గర పెదాలు కదుపుతూ వెంట నడుస్తోంది. పైనున్న మధ్యమెదడు దాటాం. వారధి దాటాం. మెడుల్లా మీదికి వచ్చాం. కర్ర అడుగుకి జారి, అక్కడ ఆగిపోయింది.

ఆయన నా గీతల్ని చూస్తూ ఉండిపోయారు. వాక్యం మరిచిపోయారనుకుని నర్సమ్మ కళ్ళు మూసుకుంది. అంతలో మద్రాసాయన కళ్ళజోడు సర్దుకుని, ఈ చార్టులో నరాలు ఒక పక్కనుంచి ఇంకో పక్కకి దాటే చోటు ఎక్కడుందని ఇంగ్లీషులో అడిగాడు.

నాకు అప్పుడు తెలిసింది. పాత చార్టులో మాసిపోయిన చోట ఆ రెండు దారులూ ఒకదాన్నొకటి దాటాలి. కుడి మెదడు ఎడమ చేతిని, ఎడమ మెదడు కుడి చేతిని ఆడించేది అందుకే. ఆ అడ్డదారినే నేను స్కేలు పెట్టి చెరిపేశాను. ఒక మంచి మనిషి ఇరవై ఏళ్ళ పనిని నా పట్టింపుతో నేలపాలు చేశానని అర్థమై, అక్కణ్ణుంచి పారిపోదామనిపించింది.

ఉస్తాద్ కర్ర బల్ల మీద పెట్టారు. బట్టీ పట్టిన పాఠం అక్కడితో అయిపోయింది. ఆయన గొంతు సవరించుకుని తన సొంత ఇంగ్లీషు తీశారు.

"సర్, చార్ట్ ఈజ్ రాంగ్. పెయింటర్ గుడ్ మ్యాన్. ఐ నాట్ చెక్. మై మిస్టేక్."

తర్వాత నావైపు తిరిగి, "ఇటు రా పెయింటర్ సాబ్. పోయి గాడ నిలబడు. మొకం గోడకు వెట్టు" అన్నారు.

శిక్ష అనుకున్నాను. బడిలో లాగా గోడకి తిరిగి నిలబడ్డాను. వెనకనుంచి సుద్దముక్క నా కోటు మీద బరబరా పాకింది. కుడి భుజం మీంచి ఒక గీత, ఎడమ భుజం మీంచి ఒక గీత, రెండూ వచ్చి కాలరు కింద ఒకదాన్నొకటి కోసుకుని, అటుది ఇటు, ఇటుది అటు దిగాయి. కొత్త నల్లకోటు, తెల్ల సుద్ద. గది చివరిదాకా కనిపించి ఉంటుంది. ఆ తర్వాత అరగంటా నేను చార్టుని. నాకు ఎదురుగా సున్నం వేసిన గోడ తప్ప ఏమీ లేదు. జరిగిందంతా చెవులతో విన్నాను, వీపుతో చదివాను.

"సర్, ప్లీజ్. స్టాప్ బ్రీత్" అన్నారు ఉస్తాద్. ఎవరితో అన్నారో తర్వాత నర్సమ్మ చెప్పింది. మీసాల మిలిటరీ ఆయనతో. ఆయన పంతంగా ఊపిరి బిగపట్టాడు. చాలాసేపు గడిచింది. పిల్లల్లో ఒకడు కిసుక్కుమన్నాడు. చివరికి తిత్తి వదిలినట్టు పెద్ద శబ్దం వచ్చింది.

"యూ సే నో, సర్." నా మెడ మీద సుద్దముక్కతో ఒక్క పోటు పొడిచారు ఉస్తాద్. "దిస్ ఫెలో సే యెస్. హూ ఈజ్ బాస్?"

అందరికంటే ముందు నవ్వింది ఆ మిలిటరీ ఆయనేనట. తర్వాత మింగుడు వంతు వచ్చింది. ముగ్గురినీ గబగబా అయిదుసార్లు ఉమ్మి మింగమన్నారు. మూడోసారికి ఎవరికీ గొంతు కదల్లేదు. "ఆర్డర్ యువర్స్. వర్క్ హిజ్. టూ మచ్ ఆర్డర్, హీ నాట్ లిసెన్" అంటే మళ్ళీ నవ్వులు. నన్ను ఇటు తిప్పి కళ్ళలోకి టార్చి కొట్టి కంటిపాప ముడుచుకోవడం చూపించి, మళ్ళీ గోడకి తిప్పేశారు. మాటలు దొరకనిచోట ఉర్దూ పడుతోంది, ఉర్దూ చాలనిచోట తెలుగు. ఎవరూ ఆపలేదు.

మద్రాసాయన మాత్రం నవ్వుకి లొంగే మనిషి కాదు. ఆయన కాగితం చప్పుడైంది. ఒక రోగి వచ్చాడనుకోండి, మొహం కుడివైపు వాలిపోయింది, పడిపోయినవి మాత్రం ఎడమ చెయ్యి, ఎడమ కాలు. దెబ్బ ఎక్కడ తగిలింది? ఇదీ ప్రశ్న.

నేను గోడకి నుదురానించి ప్రార్థన చేసుకున్నాను. నిజంగా చేశాను.

అప్పుడు సుద్దముక్క నా కాలరుకి పైన, మెడ కుడిపక్కన మెల్లగా ఆగింది. "హియర్, సర్. పాన్స్. రైట్ సైడ్. ఫేస్ నర్వ్, సేమ్ సైడ్, హియర్ ఓన్లీ గో అవుట్. హ్యాండ్, లెగ్, స్టిల్ గోయింగ్ డౌన్. దెన్ క్రాస్." సుద్దముక్క కాలరు కిందికి వచ్చి ఎడమకి దాటింది. "సో ఫేస్ రైట్. హ్యాండ్ లెగ్ లెఫ్ట్." ఆగి, ఇంకో మాట కలిపారు. "పెయింటర్ చార్ట్, నో క్రాస్, సర్. దట్ చార్ట్, డాక్టర్ సెర్చ్ రాంగ్ ప్లేస్. పేషంట్ డై."

ఆ మాటలో కోపం లేదు. పాఠం చెప్పే గొంతుతోనే చెప్పారు. నా వీపుకి మాత్రం ఆ మాట బాగా తగిలింది. అప్పటిదాకా నేను గీసేవి అందమైన బొమ్మలనుకున్నాను. వాటిని నమ్ముకుని ఒకరోజు ఎవరో డాక్టరు ఒక మనిషి పక్కన నిలబడతాడని నాకు తట్టనే లేదు.

తనిఖీవాళ్ళు వెళ్ళిపోగానే ప్రిన్సిపాలు నన్ను పిలిచి, రేపటినుంచి రావద్దన్నాడు. న్యాయమే. డబ్బాలు సర్దుకుంటూ ఉంటే ఉస్తాద్ వచ్చి పాత చార్టు ముందు కూచున్నారు. నేను క్షమాపణ చెప్పబోతే చెయ్యి అడ్డంపెట్టారు.

"నువ్వు సూసినప్పుడు గీడ ఏమున్నది? సచ్చా జెప్పు."

"మురికి ఉండె ఉస్తాద్. ఇంకేం కనవడలే."

"నాకు మాత్రం రోజు అడ్డదారి కనవడుతుండె. గీ జాగ మీదనే కట్టె వెట్టి వెట్టి అరగొట్టింది నేనే. నా మనసుల ఉన్నది గుడ్డ మీద సుత ఉన్నదనుకున్న." గడ్డం గోక్కుంటూ పెద్దగా నవ్వడం మొదలుపెట్టారు. "యా అల్లా! ఎన్నేండ్ల సంది పోరగాళ్ళకు మురికి సూపెట్టి సదువు జెప్తున్ననో ఏమో!"

నర్సమ్మ తలుపు దగ్గరనుంచి, "మీ ఇద్దరికీ కలిపి ఒకే బుర్ర ఇచ్చి పంపాడు దేవుడు" అని విసుక్కుంది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. తర్వాత నా కోటు విప్పించి తనే దులిపి ఇచ్చింది.

పది రోజులకి కాగితం వచ్చింది. ఉస్తాద్ ఇంగ్లీషు ఇంకా నేర్చుకోవాలి, పాఠం మాత్రం ఆయనే చెప్పాలి అని దాని సారాంశం. స్టోరు తాళాలు ఎవరికిచ్చారో నాకు గుర్తులేదు. ఆయన ఆ కాగితం పట్టుకుని ప్రిన్సిపాలు గదికి వెళ్ళి, పెయింటర్ లేకపోతే చార్టులు ఎవరు గీస్తారని అడిగి, మా ఇంటికి మనిషిని పంపారు.

నేను భయపడుతూ వెళ్ళాను. పిల్లలు బల్ల చుట్టూ నిలబడి ఉన్నారు. నా బ్రష్షులు లాక్కుని కిటికీలో పెట్టి, ఉస్తాద్ ఒక సీసా మూత తీశారు. తడి గుడ్డలో చుట్టి తెచ్చి, నా ఎడమ అరచేతిలో ఒక ముక్క పెట్టారు. బూడిద తెలుపు రంగు, చల్లగా ఉంది, నా బొటనవేలికంటే కాస్త లావు. రెండు నెలలుగా గీస్తున్నానే గానీ, అసలు మెదడు కాండాన్ని కళ్ళతో చూడడం నాకు అదే మొదటిసారి. చార్టు చూసి చార్టు గీశాను తప్ప, పక్క బీరువాలో ఉన్నదాన్ని ఒకసారి చూపించమని అడగాలని తోచలేదు.

"ముందుగాల సూడు. తర్వాత గియ్యి" అన్నారాయన. చిమ్టా కొనలతో మెడుల్లా అడుగున నడిమి చీలికని మెల్లగా విడదీశారు. లోపల సన్నని పోగులు, ఎడమవి కుడికి, కుడివి ఎడమకి, ఒకదాంట్లో ఒకటి దూరి అల్లుకుని ఉన్నాయి. స్కేలుకి అందే పని కాదది. నేను చాలాసేపు చూశాను. నా గుండె కొట్టుకోవడం, నా ఊపిరి వచ్చి పోవడం నాకే తెలుస్తున్నాయి. చెప్పలేనంత సంతోషం వేసింది, కొంచెం భయం కూడా వేసింది.

"ఇది ఎవరిది ఉస్తాద్?" అని అడిగాను.

"నాకెరుకలేదు. ఏ రాజ్యంల బతికిండో, ఏ జబాన్ మాట్లాడిండో తెల్వదు. మనకు సదువు జెప్తున్నడు. సలాం జెయ్యి."

రంగు మరకలున్న కుడిచెయ్యి నుదుటిదాకా ఎత్తాను. ఉద్యోగం వదిలేదాకా, ఆ సలాం చెయ్యకుండా ఏ బొమ్మకీ బ్రష్షు తడపలేదు.